సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా

కాదు బావా, నువ్వే సెప్పు. గేటు మూసీసిన మర్నాడు వొచ్చి 'గేటు మూసీసినాం' అని సెప్తే దాన్నేటంటారు? సమాచారం అంటారా? ఎటకారం అంటారు!

లెగకు, లెగకు. తొంగునే ఉండు. ఆ సెయ్యి కదిపినావంటే మిషను కుయ్యోమంటాది, సిస్టరమ్మ వొచ్చి నన్ను బయటికి గెంటీత్తాది. ఇప్పటికే రెండుపాలి గుడ్లురిమినాది నాకేసి. మెల్లగానే మాటాడతన్నాను తల్లీ! సొంత అప్ప మొగుడు, మాటాడకుండా ఎలాగుంటాను?

ఎల్లిపోనాది. సరే.

ఏటి, నెల మద్దిన ఎందుకొచ్చినావనా? నానొక్కడినే కాదు, ఇద్దరం వొచ్చినాం. అప్ప పలాస స్టేషన్లోన దిగి తిన్నగా ఇంటికి ఆటో ఎక్కీసినాది. నాను ఇటొచ్చినాను. 'మీ బావ దగ్గిర కూకోరా ఢిల్లీబాబూ, నువ్వే సెప్పు' అన్నాది. సూసినావా, ఆ పనీ నాకే! ఎయిర్‌పోర్టులోన మనోళ్లందరికీ సంగతులు సెప్పీవోడు కదా, ఈడికి ఇదొక లెక్కా అని.

దాచీది నేదు, సెప్పీత్తాను. అప్ప పాసు లాగీసుకున్నారు బావా.

అదే, మెడలోన ఏసుకుంటాది కదా, ఫొటో ఉన్న కార్డు. అది నేకపోతే ఎయిర్‌పోర్టులోన అడుగెట్టనివ్వరు. సీపురు పట్టుకునీవోళ్ల కాడ్నుంచి పెద్ద మేనేజరు వరకూ ఎవులికైనా అంతే. పాసు పోయిందంటే పని పోయినట్టే.

ఇదిగో, ఇదే వొద్దన్నాను. నువ్వు అలా ఊపిరి ఎగబీల్సకు. ముందు జరిగింది ఇను. ఇంటే గానీ ఎవుల్ని తిట్టాలో నీకు తెల్దు. నాకే ఇంకా సరిగ్గా తెల్డం నేదు.

ఆ పాసు మీద మన ఇల్లు ఎంత ఆనుకున్నాదో నాకు తెల్దేటి? తిత్లీ తుపానుకి నీ కొబ్బరితోట పడిపోనాది, ఆ ఎనకే నీ ఒంట్లోన ఈ కిడ్నీ రోగం బయటపడినాది. అప్ప జీడిపిక్కలు కొట్టి కొట్టి సేతులు నల్లగా మాడ్సుకుంటా ఉంటే నానే కదా 'రాయే, నాతోటి సిటీకొచ్చీయే' అన్నాను. అప్పట్నుంచి మీ పిల్ల సింధూర నర్సింగు సదువూ, నీ మందులూ, పొయ్యి మీద ఎసరూ అన్నీ దాని జీతమ్మీదే. మరిసిపోయినాననుకున్నావా?

అందుకే నాకు ఒల్లు మండిపోతన్నాది.

ఏటైనాదో సెప్తాను. ఆ ఎయిర్‌పోర్టు టెర్మినల్ పాతదైపోనాదని కూలగొట్టి కొత్తది కడతన్నారు. విమానాలు ఆపీసి కడతారా? ఆపరు. జనం వొత్తా పోతానే ఉంటారు, ఆల్ల పక్కనే రేకులడ్డం ఎట్టి పగలగొడతా ఉంటారు. మనిషి కాపరం ఉండగా ఇల్లు ఇప్పీసి కట్టడం అన్నమాట. ఇయ్యాల తోవ ఉన్న సోట రేపు గోడుంటాది. రేపు గోడున్న సోట ఎల్లుండి లిఫ్టుంటాది. తుడిసీవోళ్లం, బండ్లు తోసీవోళ్లం మాకు ఎటెల్లాలో ఎవులు సెప్తారు?

సెప్తారు! సెప్పకేం, శానా సెప్తారు! గోడల నిండా ఇంగిలీసు కాయితాలు, ఇందీ కాయితాలు. మా ఫోన్లలోన ఒక యాప్ ఎక్కించినారు. అన్నీ అందులోనే వత్తాయంట. బావుంది కదా? డ్యూటీ ఎక్కగానే ఫోన్లు తీసుకెల్లి లాకర్లోన పెట్టీమంటారు! ఫోను లాకర్లోన ఉంటే యాప్ ఎవులు సూత్తారు, లాకరు సూత్తాదా?

మళ్లీ నెలకోపాలి మీటింగు. ఏసీ గదిలోన కూకోబెట్టి, తెర మీద రంగు రంగు బొమ్మలేసి, సమోసాలిచ్చి, 'ఏవైనా డౌట్సా?' అంటారు. కూర్మయ్య మావ సమోసా బావుందని సెప్పినాడు. ఇంకేటి సెప్తాడు?

నాను సూపర్‌వైజర్ని కదా, రోజూ తిట్లు నాకే. మీ వోళ్లు ఫలానా తలుపు కాడ నిలబడిపోయినారు, మీ వోళ్లు ఫలానా లిఫ్టు కాడ తప్పిపోయినారు అని. మనోళ్లు అంటే ఎవులు? అందరూ ఉద్దానం వోళ్లే, నాను తీసుకెల్లినోళ్లే. వజ్రపుకొత్తూరు, బారువ, నౌపడ, ఆ పక్కోళ్లందరూను.

అప్పుడు నాకొక బుద్ధి పుట్టినాది. ఆల్లందరినీ వాట్సాపులోన ఒక గ్రూపు సేసినాను. డ్యూటీకి బయల్దేరక ముందు, రూములోన ఇంకా టీ తాగతా ఉంటారు కదా, అప్పుడు ఒక వాయిస్ మెసేజి పెట్టీవోడిని.

మొదట్లోన తిన్నగా సంగతే సెప్పీసీవోడిని. ఫలానా గేటు మూసినారు, ఇటు రండి అని. ఎవుడూ ఇన్లేదు బావా! ఎందుకింటారు? మన ఉద్దానం వోళ్ల సంగతి నీకు తెల్దేటి? ఫోను ఎత్తగానే పని మాట సెప్తే ఇంటామా మనం? వాన పడినాదా, తోట ఎలాగున్నాది, పిల్లలెలాగున్నారు, ఇదంతా అయినాకే కదా అసలు సంగతి!

అందుకని మార్సినాను. నువ్వు ఇన్నావు కదా ఒకపాలి, అప్ప ఫోన్లోన? 'ఓలమ్మలారా, అప్పలారా, ఓ బావలూ! ఢిల్లీబాబుని మాటాడతన్నాను. మన పైడితల్లికి ఆడపిల్ల పుట్టినాది, తల్లీ పిల్లా బావున్నారు. జీడిపిక్కల రేటు మళ్లీ పడిపోనాది. బారువలోన నిన్న గాలి ఎక్కువగా ఉందంట, పడవలు దింపనేదు. ఇదిగో, ఇప్పుడు ఇనండి. కిందగేటు మూసీసినారు. సామాన్ల పక్కనున్న గేటు కాడ్నుంచి రండి. పాస్ మెడలోనే ఉండాల.' అంతే.

ఇన్నారు బావా! ఒకపాలి కాదు, రెండుపాలి ఇనీవోరు. ఆడపిల్ల పుట్టిన సంగతి కోసం మొదలెట్టి గేటు సంగతి దాకా ఇనీవోరు. ఒక్కడు తప్పిపోతే ఒట్టు.

లోపలి తోవలకి కూడా మన పేర్లే ఎట్టీసుకున్నాం. ఒక తోవలోన పైకప్పు కారి కారి, ఎండినాక నేల మీద తెల్లగా ఉప్పులాగ పేరుకుంటాది. మన నౌపడ ఉప్పుమడుల్లాగుందని దాన్ని నౌపడ తోవ అనీవోళ్లం. తుడుపు సామాన్లున్న గది ఆ తోవలోనే. నౌపడ తోవ అంటే సాలు, అందరికీ తెలుసు.

నవ్వుతన్నావా? నవ్వు, నవ్వు. నానూ నవ్వినాను అప్పుడు.

ఈ మెసేజీల్లోన ఒకటి ఎవుడో ఎవుడికో పంపినాడు, ఆడింకెవుడికో పంపినాడు. తిరిగి తిరిగి పైవోళ్ల దగ్గిరికెల్లినాది. పిలిసినారు. అయిపోనాదిరా దేవుడా అనుకున్నాను. సౌజన్య మేడం అని ఒకావిడ ఉంది, సిబ్బందికి సమాచారం అందించడమే ఆవిడ ఉద్యోగం. మంచి మనిషే, అబద్ధం సెప్పకూడదు. 'బాబు గారూ' అని కుర్సీ ఏసి కూకోబెట్టి, 'మీరు చేస్తున్నది చాలా గొప్ప పని' అన్నాది. సొక్కాకి ఒక బ్యాడ్జీ పెట్టినాది. ఫొటో తీసినారు. శ్యాంసుందర్ లేడూ, మా కాంట్రాక్టు కంపినీ మేనేజరు, ఎప్పుడూ ఒరే అనీవోడు, ఆ రోజు నాతోటి సెయ్యి కలిపినాడు!

ఆ ఎనకాల మొదలెట్టినారు. 'కొంచెం అఫీషియల్‌గా ఉంటే బాగుంటుంది బాబు గారూ. పుట్టుకలు, జీడిపప్పు రేట్లు ఇవన్నీ కంపెనీ సమాచారంలో ఎందుకు? టెక్స్టు మేం పంపిస్తాం, మీ గొంతుతో చదవండి చాలు.' రోజుకి ఒక్కటే మెసేజి, అదీ ఆళ్లు పంపిందే. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు.

నాను ఒప్పుకోకూడదు కదా? సెప్పు. అప్పుడే అనాల కదా, 'మేడం, మీకు తెల్దు, మనోళ్లు ఇలాగైతే ఇనరు' అని?

అన్నేదు.

ఎందుకన్లేదో సెప్తే నువ్వు నా మొహాన ఉమ్మేత్తావు. సెప్తాను ఉండు. ఆ టెక్స్టు వొచ్చినాది. 'సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా...' అని మొదలు. ఓర్నాయనో, ఎంత బావుందో! పొద్దున్నే లెగిసి అద్దం ముందు నిలబడి నేర్సుకున్నాను బావా. శ, ష, అన్నీ. నా నోట్లోంచి పేపరోళ్ల తెలుగు వత్తా ఉంటే నాకే ముచ్చటేసినాది. టీవీలోన వార్తలు సదివీవోడిలాగ ఉన్నానని నాకు నానే అనుకున్నాను. పంపినాను. నాలుగుపాలి నా మెసేజి నానే ఇనుకున్నాను.

ఇన్నది నానొక్కడినే అని అప్పుడు తెల్దు.

మర్నాడు ఏటైనాదంటే, ఆ నౌపడ తోవకీ లోపలి హాలుకీ మద్దినున్న గోడ తీసీసినారు. లోపలి హాలంటే ఏటో తెలుసా? ఒల్లంతా తడిమి, సంచులు మిషన్లోన పెట్టి సోదా సేసినాక విమానం కోసం కూకునీ సోటు. సోదా అవకుండా అక్కడికి పురుగు కూడా ఎల్లకూడదు. గోడ తీసినాక మన తోవ కూడా అందులోన కలిసిపోనాది. అంటే ఇంక బయట్నుంచి ఆ తోవలోకెల్లీ తలుపు తియ్యకూడదు. ఆ సంగతే నాను సదివిన మెసేజిలోన ఉన్నాది. ఎలాగున్నాదంటావు? 'బి-సేవామార్గ ద్వారము వినియోగము తక్షణమే నిషేధించడమైనది' అని! నౌపడ తోవ తలుపు తియ్యొద్దురా అంటే ఒక్క ముక్కలోన అయిపోయీది.

అప్పకి ఆ రోజు పొద్దున డ్యూటీ. రూములోన టీ గలాసు పట్టుకుని మెసేజి నొక్కినాది. 'సమస్త సిబ్బందికి' అని వినపడినాది. ఎవుడో పంతులు మాటాడతన్నాడు, ఏదో కంపినీ ప్రకటన, మా తమ్ముడిది ఇంకా రానేదు అనుకున్నాదంట. ఆపీసినాది. అదొక్కత్తే కాదు, అందరూ ఆపీసినారు! మా తమ్ముడి మెసేజయితే ఎవులో పుట్టుండాల, ఎవులో పోయుండాల, వాన సంగతుండాల. అయ్యి ఏవీ నేకపోతే అది మా తమ్ముడిది ఎలాగవుతాది? అదీ దాని లెక్క. తప్పంటావా? నానే నేర్పినాను కదా ఆ లెక్క!

మిగతావోళ్లకి ఆ రోజు ఆ పక్క పని నేదు, బతికిపోయినారు. అప్పకి ఉన్నాది. బకెట్టు పట్టుకుని, మోపు పట్టుకుని, ఎప్పటిలాగే తలుపు తీసుకుని ఎల్లిపోనాది.

ఓలమ్మో, ఇంక సూడాల! గంటలు మోగినాయంట. తుపాకులోళ్లు పరిగెట్టుకొచ్చినారంట. విమానం ఎక్కడానికి వరసలోన నిలబడినోళ్లందర్నీ ఎనక్కి తీసుకెల్లి మళ్లీ సోదా సేసినారంట. జనం కేకలు, తిట్లు. మద్దిన మా అప్ప, సేతిలోన బకెట్టు, 'ఏటైనాది బాబూ, ఏటైనాది?' అని అందర్నీ అడుగుతాది. నాను ఎల్లీసరికి దాని మెడలోన పాసు నేదు. బకెట్టు మాత్రం ఇంకా ఒగ్గలేదు.

కాదు బావా, కొట్టనేదు. ఎవులూ సెయ్యి ఎయ్యనేదు. మంచినీళ్లిచ్చినారు. అది తాగనేదు.

నీకు దాహం ఏత్తన్నాదా? ఇవ్వకూడదు కదా. పెదాలు తడుపుతాను ఉండు. హా.

తరవాత ఎంక్వయిరీ పెట్టినారు. అద్దాల బల్ల, అటు పక్క సెక్యూరిటీ పెద్దాయన, సౌజన్య మేడం, శ్యాంసుందర్. ఇటు పక్క అప్ప. నన్ను పిలిసినారు. లోపలికెల్లే ముందు శ్యాంసుందర్ పక్కకి లాగి అన్నాడు, 'ఒరే ఢిల్లీ, కొత్త టెర్మినల్‌లో అన్ని షిఫ్టులకీ కలిపి ఒకడే ఇన్‌ఛార్జి. నీ పేరే రాశాను. మాట తేడా రానీకు. సమాచారం ఇవ్వలేదని తేలితే నువ్వూ ఉండవు, నీ ఊరోళ్లూ ఉండరు' అని.

కూకోమన్లేదు. అప్ప ఫోను తెర మీద సూపించినారు. మెసేజి పక్కన మైకు బొమ్మ నీలంగా ఉంది. నీలంగా ఉంటే ఇన్నట్టంట. ఎంత సేపు ఇన్నాదో ఆ బొమ్మకేటి తెలుసు బావా? నొక్కీసరికి నీలంగా అయిపోతాది, అంతే కదా!

సెక్యూరిటీ ఆయన అడిగినాడు. 'ఈమెకి ముందు రోజే చెప్పారా, లేదా?'

నానన్నాను, 'సెప్పినాను సార్, గానీ...'

'గానీలు వద్దు. ఎస్సా, నోనా?'

ఎస్సా నోనా! ఎలాగ సెప్పను? సెప్పినానా? సెప్పినాను. దానికి తెలిసినాదా? తెల్దు. ఆ రెండిటికీ మద్దిన ఎంత ఉందో సెప్పాలంటే మన ఉద్దానం కాడ్నుంచి మొదలెట్టి సెప్పాల. ఇంటారా? వాన సంగతి ఇంటారా ఆళ్లు? మేడం కేసి సూసినాను. ఆవిడకి తెలుసు బావా, నాకు తెలుసు ఆవిడకి తెలుసని. బల్ల కేసి సూసుకుంటా కూకున్నాది.

అప్ప నాకేసే సూత్తన్నాది.

'ఎస్ సార్' అన్నాను.

అంతే. ఏటి, ఏటి అంటావేటి? ఇన్నావు కదా! ఎస్ అన్నాను. సొంత అప్ప ఎదురుగా నిలబడి, దాని మొహం సూత్తానే అన్నాను. నాకు ఆ ఇన్‌ఛార్జి పని కావాల. నా పిల్లలకి నాను కావాల. మనోళ్లందరూ ఉండాల. ఇయ్యన్నీ నిజమే. అయినా సరే, నోరిప్పి అన్నది నానే కదా!

అది ఏటి సేసినాదో తెలుసా? దాన్ని అడగనే నేదు, అదే మాటాడినాది. 'అవును బాబూ, మా తమ్ముడు సెప్పినాడు. నానే ఇన్నేదు. ఆడి తప్పేటీ నేదు' అన్నాది. ఆళ్లు రాసుకున్నారు. పాసు ఇంక రాదని సెప్పినారు. ఆ ఎయిర్‌పోర్టులోనే కాదు, ఎక్కడా ఇవ్వరంట. బ్లాక్ లిస్టులోన పేరు ఎక్కించీసినారు.

అదీ బావా సంగతి. మెల్లగా సెప్పమన్నాది, దెబ్బలాగ సెప్పీసినాను.

మొహం అటు తిప్పీసుకున్నావా? తిప్పుకో. తిట్టరాదా ఒకపాలి? నీకు తిట్లు రావా? తోటలోన దొంగలు పడితే ఊరంతా ఇనపడీలాగ తిట్టీవోడివి!

ఇంకొకటుంది, అదీ ఇనీసి తిట్టు. ఒకేపాలి అయిపోతాది.

పొద్దున రైల్లోన వత్తన్నాం. అప్ప కిటికీ పక్కన కూకున్నాది. నాకు ఫోనొచ్చినాది, సౌజన్య మేడం టెక్స్టు పంపినాది. రేపట్నుంచి ఉత్తరం పక్క గేటు, అర్జంటుగా సదివి పంపండి బాబు గారూ, అని. సెలవులో ఉన్నానని సెప్పొచ్చు కదా? సెప్పనేదు. ఇన్‌ఛార్జిని కదా! మన మాటలోనైనా సెప్పీసుండొచ్చు కదా? అదీ నేదు. తలుపు కాడికెల్తే గాలి హోరు, సదివింది ఇనపడదు. మళ్లీ సీటు కాడికే వొచ్చి, దాని పక్కనే కూకుని, ఫోను నోటి కాడ పెట్టుకుని సదివినాను. 'సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా' అని మొదలెట్టి ఆఖరి వరకూ.

అది అటు తిరగనేదు. సీర కొంగు సెవి మీంచి తీసి ఇన్నాది బావా. పిల్లలు సదువు అప్పజెప్తే ఇన్నట్టు ఇన్నాది. నాను పంపీసి ఫోను జేబులోన పెట్టుకున్నాక, నా తొడ మీద సెయ్యేసి ఏటన్నాదో తెలుసా?

'ఇయ్యాల మొత్తం ఇన్నాన్రా. అయితే రేపు ఉత్తరం గేటన్నమాట' అన్నాది.

నానేటనను బావా? అవునే అప్పా, ఉత్తరం గేటే, అన్నాను.